ఆదర్శ దంపతుల గది

ఒక పెద్ద అడవిలో ముసలితనం ఎవరి సొంత వ్యవహారమూ కాదు. దానికి ఒక కమిటీ ఉండేది.

కోరలు అరిగినవాళ్ళూ, రెక్కలు వాలినవాళ్ళూ, మందలో వెనకబడిపోయేవాళ్ళూ చివరి రోజులు సుఖంగా గడపాలని ఆ కమిటీవాళ్ళు ఒక రాతిగుట్టను తొలిపించి, గదులు కట్టించి, ‘నిశ్చింత నిలయం’ అని పేరు పెట్టారు. గదికి ఒకరు. తమ పని తాము చేసుకోగలిగినవాళ్ళకి పై వరస. చూపు పోయినవాళ్ళకీ, మతి తప్పినవాళ్ళకీ, ఎవరైనా తినిపిస్తే తప్ప తినలేనివాళ్ళకీ కింది వరస.

కమిటీకి అధ్యక్షుడు ఒక దుప్పి. ఆయన కొమ్ములు ఏ గది గుమ్మంలోనూ పట్టవు. అవి రాలిపోయే రోజుల్లో ఆయన సెలవు పెట్టేవాడు. అంచేత ఇన్నేళ్ళ అధ్యక్షతలో ఆయన ఒక్క గదినీ లోపలికెళ్ళి చూడలేదు. బయటే నిలబడి, “లోపల అంతా బాగానే ఉన్నట్టుంది” అనేవాడు. అదే తనిఖీ.

సూపరింటెండెంటు ఒక అలుగు. ఒళ్ళంతా గట్టి పెంకులు. ఎవరైనా కష్టమైన ప్రశ్న అడిగితే వెంటనే ముడుచుకుని బంతిలా అయిపోయేవాడు. అడిగినవాళ్ళు చూసి చూసి విసిగి వెళ్ళిపోయాక మెల్లగా విచ్చుకుని, “ఆ సమస్య తీరిపోయింది” అనేవాడు.

ఇలా ఉండగా ఆ నిలయానికి ఒక ముళ్ళపందుల జంట వచ్చింది. మొగుడి పేరు కంటకయ్య, పెళ్ళాం పేరు సూదమ్మ.

సూదమ్మకి చూపు పూర్తిగా పోయింది. మతిమరుపు కూడా మొదలైంది. కంటకయ్య దుంపలు తవ్వుకు రావడానికి వెళితే, ఆయన్ని వెతుక్కుంటూ తనూ బయల్దేరేది. ఒకరోజు అలాగే లోయ అంచుదాకా పోయింది. కంటకయ్య సమయానికి వచ్చి తోక పట్టుకుని వెనక్కి లాగాడు కాబట్టి సరిపోయింది. ఆ సాయంత్రమే ఆయన నిశ్చయించుకున్నాడు. తిండి ఎవరైనా పెడితే తను రోజంతా ఆవిడ పక్కనే కూచోవచ్చు. అందుకోసమే నిశ్చింత నిలయానికి వచ్చారు.

డాక్టరు వడ్రంగిపిట్ట ఇద్దరి నుదుటిమీదా ముక్కుతో కొట్టి చూశాడు. ఆయన వైద్యం అంతా అదే.

“ఈవిడ కింది వరస. ఈయన పై వరస,” అన్నాడు.

“అయ్యా, మేం మొగుడూ పెళ్ళాలం,” అన్నాడు కంటకయ్య.

“అది జబ్బు కాదు,” అని డాక్టరు ఎగిరిపోయాడు.

కంటకయ్య సూపరింటెండెంటు దగ్గరికి వెళ్ళాడు.

“ఇక్కడ గది ఇచ్చేది జబ్బును బట్టి,” అన్నాడు అలుగు. “చుట్టరికాన్ని బట్టి ఇస్తే రేపు కోతులన్నీ వచ్చి ఒకటే గది అడుగుతాయి.”

“పోనీ, నన్ను కూడా కింది వరసలో వెయ్యండి.”

“కింది వరసకి వెళ్ళాలంటే మీకు ఏదో ఒకటి ఉండాలి. ఏముంది మీకు?”

“మా ఆవిడ ఉందండీ.”

“నేనడిగింది జబ్బు సంగతి.”

“జబ్బేం లేదండీ.”

“మీతో వచ్చిన ఇబ్బందే అది,” అన్నాడు అలుగు. “పైగా మీరు ముళ్ళపందులు. ఇద్దర్ని ఒక గదిలో పెడితే ప్రమాదం.”

“తలలు ఒకవైపు పెట్టుకుని, ముళ్ళు వెనక్కి అణుచుకుని పడుకుంటామండీ. పెళ్ళయిన కొత్తలో రెండు మూడు సార్లు గుచ్చుకున్న మాట నిజమే. తర్వాత అలవాటైపోయింది.”

“ఆ పద్ధతి మా నిబంధనల్లో లేదు.”

“మరి రోజూ ఒకసారి వెళ్ళి ఆవిణ్ణి చూసి రావచ్చా?”

“చూడ్డానికి వచ్చేవాళ్ళకి సాయంత్రం సమయం ఇచ్చాం. కాని అది బయటివాళ్ళకి. మీరు లోపలివారు.”

“అయితే నేను బయటికి వెళ్ళిపోయి, సాయంత్రం బయటివాడిగా వస్తాను.”

“బయటికి వెళితే మీ గది పోతుంది.”

“పోనివ్వండి.”

“మీరు కుటుంబంగా చేరారు. మీరు వెళ్ళిపోతే ఆవిడ చేరిక కూడా రద్దవుతుంది.”

“అంటే చేరేటప్పుడు మేం కుటుంబం, చేరాక కాదా అండీ?”

అలుగు ముడుచుకున్నాడు.

కంటకయ్య పొద్దు వాలేదాకా అక్కడే కూచున్నాడు. బంతి విచ్చుకోలేదు. చివరికి లేచి, తనకిచ్చిన పై వరస గదికి వెళ్ళిపోయాడు.

కింది వరసలో వాళ్ళకి తినిపించే ఆయా ఒక ఎలుగుబంటి. అందరూ ఎలుగమ్మ అనేవారు. పని ఎక్కువ, నిద్ర తక్కువ, మనసు మంచిది. పై వరస మీదుగా వెళ్ళేటప్పుడల్లా కంటకయ్య గుమ్మం దగ్గర ఆగి కబురు చెప్పేది.

“మామ్మ ఏం తినడం లేదు తాతా. ముద్ద నోటిదాకా తీసుకెళ్ళగానే, ‘ఆయన తిన్నాడా?’ అని అడుగుతుంది. తిన్నాడు మామ్మా అంటే, ‘ఎక్కడున్నాడు?’ అంటుంది. పైన అంటే ఏడుస్తుంది. పైన అన్న మాట వేరేగా అర్థమవుతున్నట్టుంది.”

“పైన అనకు అమ్మాయ్. పనిమీద వెళ్ళాడని చెప్పు.”

“ఏం పని అంటే?”

“ఆఫీసు పని అను. అది ఎన్నాళ్ళు పట్టినా ఎవరికీ అనుమానం రాదు.”

ఎలుగమ్మ సలహా మీద కంటకయ్య కమిటీకి మొరపెట్టుకున్నాడు. కమిటీ కూచుంది. దుప్పిగారు లేచి, దాంపత్యం అడవికి పునాది అన్నాడు. జంటలు జంటలుగా ఉండబట్టే అడవి ఇంత పచ్చగా ఉందన్నాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ తనే కదిలిపోయి కళ్ళు తుడుచుకున్నాడు. చివరికి, రెండు వరసలకీ మధ్య ఖాళీగా ఉన్న గుహను ‘ఆదర్శ దంపతుల గది’గా మార్చాలని తీర్మానించారు.

కంటకయ్యకి ఆ పూట తిండి సహించింది.

మర్నాడు గది నిబంధనలు చదివి వినిపించారు. దంపతులిద్దరిదీ ఒకే వరస అయి ఉండాలి. ఇద్దరికీ ఒకే జబ్బు ఉండాలి. అదీ ఒకే మోతాదులో ఉండాలి.

“ఇద్దరికీ ఒకేసారి ఒకే జబ్బు ఒకే మోతాదులో వచ్చే దంపతులు ఎక్కడైనా ఉంటారా అండీ?” అని ఎలుగమ్మ అడిగింది.

అలుగు ముడుచుకున్నాడు.

గదికి సున్నం వేశారు. గుమ్మానికి మామిడాకులు కట్టారు. లోపల మెత్తటి నాచు పరిచారు. అందులోకి ఎవరూ రాలేదు. రాగలిగినవాళ్ళు ఎవరూ లేరు. కంటకయ్య మాత్రం రోజూ పొద్దున్నే వచ్చి, గుమ్మం ముందు నిలబడి, కాసేపు లోపలికి చూసి వెళ్ళేవాడు.

అంతలో మృగరాజు సింహం ఆ గదిని చూడ్డానికి స్వయంగా వస్తున్నట్టు కబురు వచ్చింది.

కమిటీకి చెమటలు పట్టాయి. “దంపతుల గది ఉంది. దంపతులేరీ?” అన్నాడు దుప్పి.

“నిబంధనలకి సరిపోయే జంట ఒకటుంది,” అన్నాడు అలుగు. “పై వరసలో అడవిపంది ఒకడున్నాడు, మోకాళ్ళ నొప్పులు. అదే వరసలో ఒక కొండముచ్చు ఆవిడుంది, ఆవిడకీ మోకాళ్ళ నొప్పులే. డాక్టరుగారు కొట్టి చూశారు. మోతాదు కూడా ఒకటే.”

“వాళ్ళు దంపతులేనా?”

“అదొక్కటే తక్కువండీ.”

సరే, మిగతావన్నీ ఉన్నాయి కదా అన్నాడు దుప్పి.

అలుగు వెళ్ళి అడవిపందికి విషయం చెప్పాడు. “నాకు పెళ్ళి కాలేదు,” అన్నాడు అడవిపంది.

“ఈ పొద్దున అయింది.”

కొండముచ్చు ఆవిణ్ణి తీసుకొచ్చి ఆయన పక్కన కూచోబెట్టారు. “ఈయనెవరు?” అని అడిగిందావిడ.

“మీ ఆయన.”

“ఎన్నాళ్ళనుంచి?”

“చాలా ఏళ్ళయిందని చెప్పండి.”

ఇద్దరూ ఒకరికొకరు వీపు తిప్పి కూచున్నారు. మృగరాజు వచ్చాడు. గుమ్మంలో ఆగి, ఆ వీపుల్ని చాలాసేపు చూశాడు.

“ఏమయ్యా, నీ భార్యకి తినడానికి ఏదంటే ఇష్టం?” అని అడవిపందిని అడిగాడు.

“నాకేం తెలుసు?”

“ఏమమ్మా, నీ మొగుడికి గురక ఉందా?”

“నేనెప్పుడూ పట్టించుకోలేదు.”

అలుగు ముడుచుకోవడానికి సిద్ధమయ్యాడు. కాని మృగరాజు ముఖంలో ఒక మెత్తదనం కనిపించింది.

“అసలు సిసలు దంపతులు,” అన్నాడాయన. “చూడగానే తెలుస్తోంది. మా గుహలోనూ సరిగ్గా ఇంతే.”

బయట వరసగా నిలబెట్టిన ముసలివాళ్ళలోంచి కంటకయ్య ముందుకొచ్చి సాగిలపడ్డాడు. చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి కాని, సింహం ఎదట అన్నీ మరిచిపోయాడు.

“మహారాజా, నాకూ అలాంటి గది ఇప్పించండి,” అన్నాడు. అంతే అనగలిగాడు. కళ్ళనీళ్ళు మాత్రం కారిపోతున్నాయి.

మృగరాజు చలించిపోయాడు. “ఒంటరి బతుకు ఎంత బాధో ఈ ముసలాయన్ని చూస్తే తెలుస్తోంది. ఈయనొక్కడికేనా? అందరికీ ఇవ్వండి. ఈ నిలయంలో జంట లేని గది ఒక్కటీ ఉండకూడదు. వచ్చే అమావాస్యకి నాకు ఆ కబురు అందాలి,” అని ఆజ్ఞాపించి వెళ్ళిపోయాడు.

అలుగుకి ఈ ఆజ్ఞ బాగా నచ్చింది. గదికి ఇద్దర్ని వేస్తే సగం గదులు ఖాళీ అవుతాయి. కొన్ని తన ఆఫీసులో కలుపుకున్నాడు. పెద్దవి రెండు, అధ్యక్షులవారి తలమీంచి ఏడాదికోసారి రాలిన కొమ్ముల ప్రదర్శనశాలగా మారాయి. దుప్పిగారు దాన్ని గుమ్మం బయటనుంచే ప్రారంభించాడు.

జంటలు కలిపే పని డాక్టరు చేశాడు. వరసలవారీగా, జబ్బులవారీగా. కంటకయ్యకి పై వరసలో కుందేలమ్మ అనే ముసలి కుందేలు జంట కుదిరింది. ఇద్దరికీ జబ్బేమీ లేకపోవడమే వాళ్ళలో ఉన్న సామ్యం. కింది వరసలో సూదమ్మకి, కళ్ళలో పొరలు కమ్మిన ఒక ముసలి నక్క జంట కుదిరాడు. ఆయన ఒకప్పుడు అడవి కోర్టులో వకీలు.

కంటకయ్య ఆఫీసుకి పరిగెత్తాడు. “అయ్యా, నేనడిగింది మా ఆవిణ్ణి.”

“జంట గది కావాలన్నారు. ఇచ్చాం. రాజుగారి ముందు మీరు పేరేమీ చెప్పలేదు.”

“ఇప్పుడు చెబుతున్నా. సూదమ్మ.”

“ఆవిడకి గది ఇచ్చేశాం. ఇప్పుడు మారిస్తే ఒక కాపురం చెడగొట్టినట్టవుతుంది,” అన్నాడు అలుగు. ఆ మాట ఆయన చాలా బాధ్యతగా అన్నాడు.

కంటకయ్య కుందేలమ్మ గదిలో ఒక మూల చేరి, ముళ్ళు ఒంటికి అణుచుకుని, గోడవైపు తిరిగి కూచున్నాడు. ఆవిడకి తగలకూడదని కదిలేవాడు కాదు. కుందేలమ్మా మాట్లాడేది కాదు. ఆవిడకీ ఈ ఏర్పాటు ఇష్టం లేదు. పుట్టినప్పటినుంచీ ఆవిడ కిటకిటలాడే పొదల్లోనే బతికింది. ముందు అన్నదమ్ములు, తర్వాత పిల్లలు, మనవలు, మునిమనవలు. కాళ్ళు చాపుకుని ఒంటరిగా పడుకోవచ్చని ఈ నిలయంలో చేరింది. చేరాక ఆ సుఖం రుచి చూసింది కూడా. అంతలోనే ఈ మొగుడొచ్చిపడ్డాడు.

ఒకరోజు మధ్యాహ్నం కింది వరసనుంచి పెద్ద కేక వినిపించింది. తర్వాత ఎలుగమ్మ ఆయాసపడుతూ వచ్చింది.

“నక్క లాయరుగారి ముక్కులో ముల్లు దిగింది తాతా. మామ్మ తప్పేం లేదు. పక్కన ఎవరో ఉన్నారని తెలిసి, నువ్వే అనుకుని దగ్గరికి జరిగి పడుకుంది. ఆ పెద్దమనిషికి ముళ్ళపంది పక్కన ఎలా పడుకోవాలో తెలీదాయె. ఎదురు తిరిగి పడుకున్నాడు.”

“సూదమ్మకేం కాలేదు కదా?”

“ఏం కాలేదు. కాని ఆయన రగడ చేస్తున్నాడు. ప్రమాదకరమైన ప్రాణి అట, ఖైదు చెయ్యాలట. గుట్ట వెనక మట్టిగుంత ఉంది చూడు, దాన్ని అల్లరివాళ్ళ కోసం ఉంచారు. రేపు కమిటీ కూచోగానే మామ్మని అందులో పడేస్తారు.”

చూపు లేనిది, మతి లేనిది, ఒక్కతీ ఆ గుంతలో. ముద్ద పెట్టే దిక్కు కూడా ఉండదు, అనుకున్నాడు కంటకయ్య.

“ఆ గుంతలో తిండి పెడతారా?” అని అడిగాడు.

“రోజుకోసారి నేనే తెచ్చి పైనుంచి దింపుతాను.”

“ఎంతుంటుంది ఆ గుంత?”

“ఇద్దరు పడతారు,” అని ఎలుగమ్మ ఆగి, ఆయన ముఖంలోకి చూసింది. ఆయన కూడా ఆమెనే చూశాడు. ఎలుగమ్మ పనిలోకి వెళ్ళిపోయింది.

కంటకయ్య కుందేలమ్మ ఎదట కూచున్నాడు. వచ్చినప్పటినుంచీ ఆవిడతో మాట్లాడ్డం అదే మొదలు.

“అమ్మా, ఏమీ అనుకోకపోతే నిన్ను ఒకసారి గుచ్చాలి.”

కుందేలమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి. “ఎందుకు?”

ఆయన ఎందుకో చెప్పాడు. లోయ అంచు సంగతి, ముద్ద నోటిదగ్గర ఆగిపోయే సంగతి, అన్నీ చెప్పాడు. ఆవిడ మధ్యలో అడ్డు రాకుండా వింది.

“నువ్వు ఆ గుంతకి పోతే ఈ గదిలో నేనొక్కదాన్నే ఉంటానా?” అని అడిగింది.

“నువ్వొక్కదానివే.”

“మళ్ళీ ఎవర్నైనా తెచ్చి పెట్టరు కదా?”

“ముల్లు దిగి భయపడిపోయానని, ఎవరొచ్చినా వణుకొస్తోందని చెప్పు. డాక్టరు కొట్టి చూస్తాడు. వణకడం కష్టమేం కాదు నీకు.”

కుందేలమ్మ కొంచెంసేపు తన ఒళ్ళు తడుముకుంది. “తుంటి మీద గుచ్చు. అక్కడ కండ ఉంది. లోతుగా వద్దు. కేక మాత్రం నాకొదిలెయ్.”

కంటకయ్య వెనక్కి తిరిగి, కళ్ళు మూసుకుని, చాలా నెమ్మదిగా గుచ్చాడు. గుచ్చాక ఆయనకే కళ్ళనీళ్ళొచ్చాయి. కుందేలమ్మ వేసిన కేకకి గుట్టమీది పక్షులన్నీ లేచిపోయాయి.

మర్నాడు కమిటీ కూచుంది. ముక్కుకి ఆకుకట్టుతో నక్క, తుంటికి ఆకుకట్టుతో కుందేలమ్మ ఒకవైపు. ముళ్ళపందులిద్దరూ చెరోవైపు, దూరదూరంగా. నక్క గంటసేపు వాదించాడు. సంసారంలో ఒక భర్తకి ఇంతటి హింస ఈ అడవి చరిత్రలో జరగలేదన్నాడు. కుందేలమ్మ ఏమీ చెప్పకుండా వణికింది. ఆవిడ వాదనే ఎక్కువ పనిచేసింది.

“ఇద్దరూ నేరస్థులే,” అన్నాడు దుప్పి. “ఇద్దరికీ గుంత.”

“ఉన్నది ఒకటే గుంతండీ,” అన్నాడు అలుగు.

“అయితే ఇద్దర్నీ అందులోనే పడెయ్యండి.”

“ఇద్దరు ముళ్ళపందులు ఒకే గుంతలోనా? ఒకరినొకరు పొడుచుకుంటారేమోనండీ.”

“పొడుచుకోనీండి. శిక్షంటే ఆ మాత్రం ఉండాలి.” దుప్పి కంటకయ్యవైపు తిరిగాడు. “ఏమయ్యా, చెప్పుకునేదేమైనా ఉందా?”

కంటకయ్య తల ఎత్తలేదు. ఎత్తితే ముఖం కనబడిపోతుంది. “శిక్ష శిక్షే కదండీ,” అన్నాడు.

ఎలుగమ్మ ఇద్దర్నీ తీసుకెళ్ళి గుంతలో దింపింది. అది మట్టిగుంత. నాచు లేదు, మామిడాకులు లేవు. మూల కొంచెం చెమ్మ కూడా ఉంది. సూదమ్మ గోడ తడుముకుంటూ రెండడుగులు వేసి ఆగిపోయింది. గాలి పీల్చింది. మళ్ళీ పీల్చింది.

“ఏమయ్యా, ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావు?”

“ఆఫీసు పనిమీద పోయాను.”

“అయిందా పని?”

“అయింది.”

“ఏమైనా తిన్నావా?”

“నీతో తిందామని ఆగాను.”

ఎలుగమ్మ పైనుంచి దింపిన దుంపల్ని కంటకయ్య కొరికి మెత్తగా చేసి ఆవిడ నోటికి అందించాడు. సూదమ్మ ఒక్కటీ వదలకుండా తింది. తిన్నాక ఇద్దరూ పడుకున్నారు.

ఈ సంగతి ఎలుగమ్మ ఎవరితోనూ చెప్పలేదు. కాని ముద్దలు తినిపిస్తూ, అడిగినవాళ్ళకి కాదనలేదు. ఆ నిలయంలో విడివిడి వరసల్లో పడ్డ ముసలి జంటలు ఇంకా కొన్ని ఉండేవి. వాటిలో ఒక కొంగల జంట, ఒక అడవిపిల్లుల జంట. ఇన్నేళ్ళూ ఎంతో మర్యాదగా బతికిన కొంగ, తనకి అంటగట్టిన భార్య నెత్తిన పొడిచాడు. ఆయన అసలు భార్య కింది వరసలో ఒక ముసలి ఉడుమును కాలుతో తన్నింది. అడవిపిల్లులు తమ జంటల్ని రక్కేశాయి. అందర్నీ విచారించారు. అందరికీ శిక్ష పడింది. ఉన్న గుంత చాలక, జాతికొకటి చొప్పున కొత్తవి తవ్వించారు.

కమిటీ పనితీరు చూసి మృగరాజు చాలా సంతోషించాడు. దుప్పిగారి కొమ్ములకి పూలదండ వేయించాడు. నిశ్చింత నిలయంలో క్రమశిక్షణ ఎంత కఠినమో చూసి నేర్చుకోమని పక్క అడవులకి కబురు పంపాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళకి అలుగు ముందు గుంతల్ని దూరంనుంచి చూపించి, తర్వాత ఆదర్శ దంపతుల గదికి తీసుకెళ్ళేవాడు. అక్కడ అడవిపందీ కొండముచ్చు ఆవిడా వీపులు తిప్పి కూచుని ఉండేవారు. వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి తమ ఇళ్ళు తలచుకుని నిట్టూర్చేవారు.

ఇప్పటికీ ఆ అడవిలో ముసలి జంటలు నిలయంలో చేరడానికి బయల్దేరుతుంటే, అనుభవమున్నవాళ్ళు దారిలో ఆపి చెప్పే మాట ఒకటుంది: కలిసి బతకాలని ఉంటే అక్కడ మొర పెట్టుకోకండి, నేరం చెయ్యండి.